తప్పలేదు అనే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ ముందేసుకుని కూర్చుంటే ఒకే మాట పదేపదే తగిలింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకి లాజిక్ చెప్పి రిటైరయినవాణ్ణి, ఎర్ర పెన్ను చేతిలో ఉంటే గాని ఏదీ చదవలేను. ఆ మాట కింద గీతలు గీసుకుంటూ పోయాను. పదకొండు ఉత్తరాల్లో తొమ్మిదింట్లో ఉంది. "తప్పలేదు." ఊరు వదలక తప్పలేదు, ఉద్యోగం మానక తప్పలేదు, ఒప్పుకోక తప్పలేదు. ఎంత సుఖమైన మాటో చూడండి, అందులోకి రాగానే 'నేను' కాస్తా 'నాకు' అయిపోతుంది. చేసినవాడు మాయమై పడ్డవాడు మిగులుతాడు. అన్నిసార్లూ అది అబద్ధమని నేననను, నిజంగానే తప్పని బతుకులు మన జిల్లాల్లో బోలెడు, వాటి సంగతి కిందొస్తుంది. కానీ ఏది నిజంగా తప్పనిదో, ఏది మనమే ఎంచుకుని ఆ మాట వెనక దాచుకున్నదో కాస్త విడదీసి చూద్దాం ఈసారి. పేర్లు రాయొద్దన్నవాళ్ళవి రాయలేదు. రాయమన్నవాళ్ళవీ రాయలేదు.

ప్రశ్న: మాస్టారూ, మాది టెక్కలి దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. జర్మన్ భాష బి2 పరీక్ష పాసయ్యాను, అక్కడి ఆసుపత్రి నుంచి ఆఫర్ వచ్చింది. నాన్న లేరు. అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు, బీపీ. అన్నయ్య హైదరాబాద్‌లో, పండక్కి వస్తాడు. అమ్మ "నా గురించి ఆలోచించకు, నువ్వెల్లు" అంటుంది, అని ఆ పూట అన్నం తినదు. వెళ్తే స్వార్థపరురాలినా? ఉండిపోతే పిచ్చిదాన్నా? ఏదో ఒకటి మీరే చెప్పండి, నా వల్ల కావట్లేదు.

జవాబు: అమ్మా, ముందు ఇద్దరూ అన్నం తినండి.

సరిగ్గా ఇలాంటి ప్రశ్నే పారిస్‌లో ఒక కుర్రాడు వాళ్ళ మాస్టార్ని అడిగాడు. ఆ మాస్టారు జాఁ పాల్ సార్త్ర్ అనే ఫ్రెంచ్ తత్వవేత్త, ఈ సంగతి ఆయనే 1945లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్న రోజులు. కుర్రాడి అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తండ్రి తల్లితో గొడవపడి శత్రువుల వైపు మొగ్గుతున్నాడు. ఆ తల్లికి లోకంలో మిగిలింది ఈ పిల్లాడొక్కడే. వీడికేమో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడున్న ఫ్రెంచ్ సైన్యంలో చేరి అన్న చావుకి బదులు తీర్చుకోవాలని. వెళ్తే తల్లి ఏమైపోతుందో, ఉండిపోతే తన మొహం తాను చూసుకోలేడు. పైగా తల్లికి చేసేది ఏ రోజుకారోజు కళ్ళకి కనిపిస్తుంది, సైన్యం కోసం బయల్దేరితే దారిలో ఏ స్పెయిన్ క్యాంపులోనో ఇరుక్కుని ఎవరికీ పనికిరాకుండా పోవచ్చు. 'పొరుగువాణ్ణి ప్రేమించు' అని మతం చెబుతుంది, నిజమే, కానీ ఆ పొరుగువాడు కన్నతల్లా, పోరాడుతున్న సైనికుడా అన్నది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అన్నీ విని సార్త్ర్ చెప్పిందల్లా, నీకు స్వేచ్ఛ ఉంది, ఎంచుకో అని. అంతే.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది, అన్నం పెట్టమంటే ఆకలి మీద ఉపన్యాసం ఇచ్చినట్టు. కానీ అక్కడే ఇంకో మాట ఉంది, అది నాకు ఏళ్ళ తరబడి పనికొచ్చింది. సలహా కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఎంచుకున్నప్పుడే ఏ సలహా కావాలో కూడా చాలావరకు ఎంచుకుని ఉంటాం. ఇప్పుడు నీ సంగతి చూడు. మీ మేనమామని అడిగితే ఏమంటాడో నీకు తెలుసు. మీ పెద్దమ్మ ఏమంటుందో తెలుసు. వాళ్ళెవర్నీ కాదని, మీ గడప ఎప్పుడూ తొక్కని ఒక ముసలి లాజిక్ మాస్టార్ని పత్రిక ద్వారా అడిగావు. ఎందుకమ్మా?

ఇంకోటి. జర్మన్ బి2 పొరపాటున ఎవరూ పాసవరు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే, ఏ మాట ముందు 'డేర్' వస్తుందో ఏ మాట ముందు 'డీ', 'దాస్' వస్తాయో చీటీల మీద రాసి హాస్టల్ గోడకి అంటించుకుని ఉంటావు. ఆ నెలలన్నీ మీ అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంది, మోకాళ్ళు అప్పుడూ నొప్పే. అంటే నువ్వు ఎంచుకోవడం ఇవాళ కొత్తగా మొదలవలేదు, చీటీ చీటీకీ కొంచెం కొంచెంగా జరిగిపోయింది. మిగిలింది ఒప్పుకోవడమే.

అలాగని ఉండిపోయినవాళ్ళు పిచ్చివాళ్ళు కారు. వియన్నాలో విక్టర్ ఫ్రాంకల్ అని యూదు డాక్టరు. నాజీల రాజ్యంలో ఆయనకి అమెరికా వీసా దొరికింది. వెళ్తే తాను బతుకుతాడు, ముసలి తల్లిదండ్రులు వాళ్ళ చేతికి చిక్కుతారు. ఆ ఊగిసలాటలో ఇంటికొచ్చి చూస్తే బల్ల మీద ఒక పాలరాతి ముక్క ఉంది. కూల్చేసిన యూదుల ప్రార్థనా మందిరం శిథిలాల్లోంచి తండ్రి తెచ్చాడట, దాని మీద ఒకే ఒక్క అక్షరం, 'తల్లిదండ్రుల్ని గౌరవించు' అనే ఆజ్ఞలోది. ఫ్రాంకల్ వీసా వదిలేశాడు. 1942లో అందర్నీ క్యాంపుకి తోలారు. తండ్రి అక్కడే పోయాడు, తల్లిని తర్వాత ఆష్విట్జ్‌లో చంపేశారు, ఈయన బతికి బయటపడ్డాడు. ఫలితం చూసి మార్కులు వేస్తే ఆ నిర్ణయానికి సున్నా. కానీ ఆఖరి బాధలో ఉన్న తండ్రికి మార్ఫిన్ ఇచ్చింది ఆ కొడుకే. నువ్వు నర్సువి, దాని విలువ ఎంతో నాకంటే నీకే బాగా తెలుసు.

నాకు ఈ కథలో గుచ్చుకునేది ఆ రాయి. రాయి ఏమీ చెప్పదు. అదే అక్షరాన్ని ఇంకొకడు 'బతికి చూపించడమే నాన్నకి గౌరవం' అని చదువుకుని ఓడెక్కేవాడు. రేపు నీకూ ఏదో ఒకటి శకునంలా కనిపిస్తుంది, అరసవల్లిలో పువ్వు రాలుతుంది, లేదా ఉన్నట్టుండి విమానం టికెట్ ధర తగ్గుతుంది. దాన్ని చదివేది నువ్వే.

ఇక చేయాల్సిన పని. మీ అమ్మని 'వెళ్ళనా, వద్దా' అని అడగడం మానెయ్. ఆ ప్రశ్నకి మన ఊళ్ళ అమ్మలకి ఒకటే జవాబు వచ్చు, 'నువ్వెల్లమ్మా' అనడం, కంచం పక్కకి తోసెయ్యడం. అర్ధరాత్రి కళ్ళు తిరిగితే ముందు ఎవరి తలుపు కొడతావు అని అడుగు. టెక్కలి ఆసుపత్రికి బండి తీసేదెవరు? మాత్రలు అయిపోతున్నాయని ఎవరికి చెప్తావు? మూడు పేర్లు కాగితం మీద పడితే వెళ్ళు. ఒక్క పేరూ పడకపోతే ఆ ఖాళీ నిండేదాకా గడువు ఇమ్మని ఆఫర్ ఇచ్చినవాళ్ళనే అడుగు, నర్సులు కావలసినవాళ్ళు కాస్త ఆగుతారు. మీ అన్నయ్యకీ ఫోన్ చెయ్. అతను హైదరాబాద్‌లో ఉండటం కూడా ఎంచుకున్నదే, అతన్ని స్వార్థపరుడా అని ఎవరూ ఎందుకు అడగట్లేదో నాకైతే అర్థం కాలేదు. ఏది చేసినా ఒక మాట నోట రానీకు. వెళ్తే 'డబ్బు కోసం తప్పలేదు' అనీ, ఉంటే 'అమ్మ వల్ల తప్పలేదు' అనీ. రెండోది మరీ చెడ్డది, ఎప్పుడో ఒకరోజు అది మీ అమ్మ చెవిన పడుతుంది.

ప్రశ్న: చెల్లి నిశ్చితార్థానికి చీర కొందామని విజయనగరంలో ఒక షాపుకి వెళ్ళి మూడున్నర గంటలు కూర్చుని ఉత్త చేతుల్తో వచ్చాను. హోటల్లో టిఫిన్ చెప్పడానికీ ఇంతే. మా వారు నవ్వుతారు. నాకు నిజంగా టెన్షన్ వచ్చేస్తుంది. ఇది జబ్బా?

జవాబు: జబ్బు కాదు తల్లీ. 14వ శతాబ్దపు ఫ్రెంచ్ పండితుడు బ్యూరిడాన్ పేరు మీద ఒక గాడిద కథ ఉంది. రెండు వైపులా సమాన దూరంలో సమానమైన గడ్డి మోపులు, ఎటు వెళ్ళాలో తేలక ఆకలితో చచ్చిపోయిందట. చిత్రమేమిటంటే ఆయన రాతల్లో ఆ గాడిద ఎక్కడా లేదు, ఆయన్ని వెక్కిరించినవాళ్ళు తగిలించింది. నేను చూసినంతలో ఏ గాడిదా అలా చావలేదు కూడా, నోటికి అందింది తినేస్తుంది. షాపుల్లో చచ్చేది మనమే.

2000లో అమెరికాలో ఒక ప్రయోగం గురించి రాశారు, కొట్లో 24 రకాల జామ్ సీసాలు పెడితే ఆగి చూసినవాళ్ళలో నూటికి ముగ్గురు కొన్నారు, 6 రకాలే పెడితే ముప్పై మంది కొన్నారు. తర్వాత అలాంటివి చేసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదు కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. నాకు హెర్బర్ట్ సైమన్ మాట నచ్చుతుంది, 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చినాయన. అన్నిటిలోకీ మంచిది వెతకడం మనిషి తరం కాదు, ఇంత ఉంటే చాలు అని ముందే ఒక గీత గీసుకుని ఆ గీత దాటిన మొదటిదాన్ని తీసుకోవడమే మనిషి చేయగలిగింది అన్నాడు. షాపు మెట్టెక్కక ముందే ధర, రంగు, అంచు, ఈ మూడూ మీ వారికి చెప్పేయ్. మూడూ కలిసిన మొదటి చీర దొరగ్గానే లే. డెబ్బయ్యో చీర విప్పేసరికి మొదటిది ఏ రంగో నీకూ గుర్తుండదు. తెల్ల దుప్పటి మీద గుట్ట పెరిగిపోతుంటే పక్కన ఇంకో కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని, అంచుకి అంచు కలిపి గడ్డం కింద నొక్కిపట్టి మడతలు పెడుతూ, గోడ గడియారం కేసి చూస్తుంటాడు. ఈసారి ఆ కుర్రాణ్ణి చూడు.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నీ టెన్షన్ చీరదేనా, చెల్లి అత్తవారింటివాళ్ళు 'ఇదేనా మీ సెలక్షన్' అంటారనా? రెండోదైతే వెయ్యి చీరలు చూసినా తేలదు, ఆ మాట చీరల్లో లేదు కాబట్టి.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళ బట్టి గ్రేడింగ్ దగ్గర పనిచేస్తన్నాను. పొద్దున్న కూకుంటే సాయంత్రం దాకా అదే పని. గుండుపప్పు ఓ పక్క, బద్ద ఓ పక్క, ముక్క ఓ పక్క. మొన్న ఉన్నట్టుండి 'ఎందుకీ బతుకు' అనిపించింది. మా ఇంట్లో చెప్తే నవ్వుతారు. మీరు నవ్వరని రాత్తన్నాను.

జవాబు: నవ్వనమ్మా. ముందు ఒక విషయం తేల్చుకోవాలి. 'ఎందుకీ బతుకు' అన్నది చచ్చిపోవాలన్న ఆలోచన అయితే ఈ కాలమ్ చదువుతూ కూర్చోవద్దు, 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో ఒకరికైనా చెప్పు, నవ్వితే మళ్ళీ చెప్పు.

అది కాదు, ఊరికే చేతులు పని చేస్తుంటే మనసు పక్కకి వెళ్ళి అడిగిన ప్రశ్నే అయితే, నువ్వు చాలా పెద్ద మనుషుల సరసన కూర్చున్నట్టే. ఆల్బెర్ కామూ అనే ఫ్రెంచ్ రచయిత 1942లో దీని మీదే ఒక పుస్తకం రాశాడు. గ్రీకు కథలో సిసిఫస్‌కి దేవతలు వేసిన శిక్ష, పెద్ద బండరాయిని కొండ మీదికి దొర్లించాలి, పైకి చేరగానే అది కిందికి దొర్లిపోతుంది, మళ్ళీ మొదలు. కామూ చూపు ఆ ఎక్కడం మీద లేదు, రాయి కోసం తిరిగి కిందికి నడిచొచ్చే ఆ కాసేపటి మీద ఉంది. అప్పుడు అతనికి తన పరిస్థితి అంతా తెలుసు, తెలిసీ నడుస్తున్నాడు, అక్కడ అతను ఆ రాయికంటే గట్టివాడు అంటాడు. అతను సుఖంగానే ఉన్నాడని ఊహించుకోవాలి అంటాడు.

ఈ చివరి మాటతో నాకు పేచీ ఉంది. సిసిఫస్‌కి కూలి లేదు, పిల్లల ఫీజు లేదు, పక్కన కబుర్లు చెప్పే మనిషి లేదు. నీకు ఈ మూడూ ఉన్నాయి, ఆ కూలి సరిపోదన్న కోపం కూడా ఉండే ఉంటుంది. సరిపోని కూలి మీద నవ్వుతూ బతకమని చెప్పడానికి నేను కామూనీ కాను, మీ ఓనర్నీ కాను. అది అడగాల్సిన చోట అడగాల్సిందే.

కానీ ప్రశ్న విషయానికొస్తే, 'ఎందుకు' అన్నది రెండు సైజుల్లో ఉంటుంది. బతుకు మొత్తానికి ఎందుకు అన్నది ఒకటి, ఈ వారం ఎందుకు అన్నది ఒకటి. మొదటిది వదిలిపెట్టనివాళ్ళ కోసం బుద్ధుడు ఒక కథ చెప్పాడు. (వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు చూసే ఉంటావు, కార్తీకంలో పిక్నిక్‌కైనా.) విషపు బాణం దిగినవాడు, కొట్టినవాడి కులమేంటి, విల్లు ఏ కర్రతో చేశారు, తెలిస్తేగాని బాణం తీయనివ్వను అంటే, అవన్నీ తెలిసేలోపు పోతాడు. లోకం శాశ్వతమా కాదా అని పట్టుబట్టిన శిష్యుడికి ఆయనిచ్చిన జవాబది. నాకు తెలిసి రెండో సైజు 'ఎందుకు'కి నీ దగ్గర జవాబులున్నాయి, చిన్నవి, చెప్పుకోవడానికి సిగ్గనిపించేవి.

నీ పని గురించి ఒకటి నేనూ తెలుసుకున్నాను. పప్పు మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 అని గ్రేడు రాస్తారు కదా, ఆ అంకె ఒక పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్ని గింజలు తూగుతాయన్నదట. లెక్కపెట్టకుండానే 240కీ 320కీ తేడా చూసి చెప్పగలిగే కళ్ళూ వేళ్ళూ మీవి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి నేను అంత ఖాయంగా ఏదీ చెప్పలేను.

ప్రశ్న: విజయనగరంలో ఉంటూ గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాను. మూడుసార్లు పోయింది. ఇప్పుడు 29. మా తాతయ్య 'నీ నుదుటన రాసుంటే ఇంట్లో కూర్చున్నా వస్తుంది, లేకపోతే లైబ్రరీలో పడుకున్నా రాదు' అంటారు. నిజంగా అంతా రాసి ఉంటే చదవడం ఎందుకు?

జవాబు: మీ తాతయ్యగారి వాదన రెండువేల ఏళ్ళకు పైబడ్డది బాబూ, గ్రీకులు దీనికి 'బద్ధకపు వాదన' అని పేరే పెట్టారు. జబ్బు తగ్గాలని రాసుంటే డాక్టర్ని పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది, కాబట్టి పిలవడం దండగ. దీనికి క్రిసిప్పస్ అనే ఆయన, క్రీస్తుకి ముందు మూడో శతాబ్దం, జవాబు చెప్పాడు. ఆయనా తలరాతని నమ్మినవాడే. తగ్గడం ఒక్కటే రాసి ఉండదయ్యా, డాక్టర్ని పిలవడం కూడా దానితో కలిపే రాసి ఉంటుంది అన్నాడు. కొడుకు పుడతాడని రాసి ఉందని కాపురం చేయకుండా కూర్చుంటే పుడతాడా?

అంత దూరం ఎందుకు, మీ ఊరి సిరిమానే చూడు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ జాతర. ఏ చింతచెట్టు మాను కావాలో అమ్మవారు పూజారి కలలోకి వచ్చి చెబుతుందని నమ్మకం. అమ్మవారే చెప్పింది కదా అని ఆ మాను నడిచి రాదు. వెళ్ళి వెతకాలి, బొట్టు పెట్టి పూజ చేయాలి, నరికి బండి మీద తేవాలి, వడ్రంగులు రోజుల తరబడి చెక్కాలి, చివరికి దాని కొసన పూజారిగారు కూర్చుంటే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు లాగాలి. దేవత నోటి వెంట వచ్చిన మాటకే ఇంత చాకిరీ ఉంటే, నీ నుదుటన ఏం రాసుందో నీకు కల కూడా రాలేదు కదా.

నాలుగోసారి రాయాలా అంటే, అది తలరాతని అడగాల్సింది కాదు. మూడుసార్లూ ఎన్ని మార్కుల్లో పోయిందో వరసగా రాసుకో. దగ్గరవుతున్నావా, అక్కడే ఉన్నావా? ఇప్పటిదాకా పెట్టిన ఏళ్ళు రాసినా తిరిగి రావు, మానినా తిరిగి రావు, వాటిని లెక్కలోకి తీసుకోకు. మానేసే తేదీ ఒకటి ముందే రాసి తాతయ్యగారి చేతిలో పెట్టు. భగవద్గీత గురించి అందరూ ఫలితం ఆశించకు అన్నదే చెబుతారు గాని, పద్దెనిమిదో అధ్యాయంలో, అంతా చెప్పేశాక కృష్ణుడు 'విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు' అంటాడు. ఇదంతా పూర్తిగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అని. అంతసేపు చెప్పిన దేవుడు కూడా చివరికి పగ్గం అర్జునుడి చేతికే ఇచ్చాడు.

ప్రశ్న: మాస్టారూ, మాది భోగాపురం వైపు సముద్రం ఒడ్డున ఊరు. మీరు రాసింది మా అమ్మాయి చదివి వినిపిస్తాది. ఎంచుకోడం ఎంచుకోడం అంటారు. నేను కుర్రతనంలోనే గుజరాత్ ఎల్లిపోయాను బోటు మీద పనికి. ఇప్పుడు మా వోడూ వెరావల్‌లోనే ఉన్నాడు. మేం ఏటి ఎంచుకున్నామండీ?

జవాబు: మీ ప్రశ్న ముందు నా ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను.

సార్త్ర్ గురించి పైన అంత రాశాను కదా, ఎలాంటి పరిస్థితిలోనైనా మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుందని ఒకప్పుడు గట్టిగా అన్న ఆయనే, 1969లో ఒక ఇంటర్వ్యూలో తన పాత మాట తానే చదువుకుని, నేనిది నిజంగా నమ్మానా అని విస్తుపోయాడు. ఎపిక్టెటస్ అని రోమ్‌లో బానిసగా బతికినాయన, మన చేతిలో లేనివాటి గురించి ఏడవకు, చేతిలో ఉన్నదాన్ని చూసుకో అన్నాడు. గొప్ప మాటే. కానీ బానిసగా ఉన్నవాడు ఆ మాట తనకి తాను చెప్పుకోవడం వేరు, నేను ఫ్యాను కింద కూర్చుని మీకు చెప్పడం వేరు.

మీకు పనికొచ్చేది అమర్త్యసేన్ మాట. ఏకాదశి ఉపవాసం ఉన్నవాడి కంచమూ ఖాళీయే, ఇంట్లో బియ్యం లేనివాడి కంచమూ ఖాళీయే. తినగలిగీ మానినవాడిది ఎంపిక, తిండే లేనివాడిది కాదు. సముద్రం మీ గుమ్మం ముందే ఉండగా దాదాపు దేశం అటు చివరికి వెళ్ళి ఇంకొకరి బోటు ఎక్కడం రెండో కంచం. శ్రీకాకుళం ఒక్క జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది, పెద్ద బోట్లు నిలవడానికి హార్బర్ మాత్రం దశాబ్దాల తరబడి లేదు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వెళ్ళిన మనవాళ్ళు పాకిస్తాన్‌కి పట్టుబడి, ఇరవై మంది 2020 జనవరిలో గాని ఇంటికి రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ పద్నాలుగు నెలలు ఎలా గడిచాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి మీరు 'తప్పలేదు' అంటే దాని కింద గీత గీయను. ఒక్కటే అంటాను. సముద్రానికి అలలు ఉండటం లాంటిది కాదు హార్బర్ లేకపోవడం. ఏటేటా డబ్బు ఎటు వెళ్ళాలో కొందరు కూర్చుని ఎంచుకున్నారు, ఇటు రాలేదు. మీకు తప్పనిది ఇంకెక్కడో ఎవరో ఎంచుకున్నది. మీ అమ్మాయి చదువుకుంటోంది కదా, పంచాయతీ మీటింగులో ఎవరు ఎంచుకున్నారో పేర్లతో సహా అడగమనండి. అడిగాక ఏమయిందో నాకూ రాయమనండి.

ప్రశ్న: అందరికీ చెప్తారు. మీరు వెనక్కెళ్ళి మార్చుకోవాలనుకునే నిర్ణయం ఏదైనా ఉందా? (బొబ్బిలి నుంచి, డిగ్రీ విద్యార్థి)

జవాబు: నిర్ణయమైతే లేదు నాయనా. ఒక మాట ఉంది.

1985లో వాల్తేరులో పీహెచ్‌డీకి సీటొచ్చింది. చేరడానికి వెళ్ళాను కూడా. క్యాంటీన్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఇంగ్లీషులో ఎంత వేగంగా వాదించుకుంటున్నారంటే, నాకు నోట్లోంచి ఒక్క వాక్యం రాలేదు, టీ చల్లారిపోయింది. సాయంత్రం ప్యాసింజర్ ఎక్కి ఆమదాలవలసలో దిగిపోయాను. అప్పట్లో మా నాన్నగారికి ఉబ్బసం. చలికాలం కూర్చునే నిద్రపోయేవారు. అడిగినవాళ్ళందరికీ 'నాన్నగారికి బాగోదు, వచ్చేయక తప్పలేదు' అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న కొద్దీ నేనూ నమ్మేశాను. తర్వాత చేసిన ఉద్యోగం నాకు ఇష్టమే, ఆ తరగతి గదులూ ఇష్టమే, పీహెచ్‌డీ లేదన్న దిగులేమీ లేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత ఒక ఆదివారం, తోటి లెక్చరర్ ఒకాయన ఇంటికొస్తే మాటల్లో మళ్ళీ అదే అన్నాను. నాన్నగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. వచ్చినాయన వెళ్ళేదాకా ఆగి, "నేను వెళ్ళమనే అన్నాను కదరా" అన్నారు. నేనేమీ అనలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళిపోయారు.